పంటి కింద వడ్ల గింజ

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువని మా ఆవిడ అందరికీ చెబుతుంటుంది. అబద్ధం. పుట్టుకతో కాదు, ఉద్యోగంతో వచ్చింది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర ఇరవై ఆరేళ్లుగా నా పని ఒక్కటే, వచ్చిన ప్రతి వడ్ల బండినీ అనుమానించడం. ట్రాక్టరు ఆగగానే పైకి ఎక్కుతాను. పైనుంచి ఒక పిడికెడు, పక్కల నుంచి ఒక పిడికెడు, చెయ్యి మోచేతి దాకా దూర్చి అడుగు నుంచి ఒక పిడికెడు తీస్తాను. అరచేతిలో నలిపి, ఊది, తాలు ఎంత ఉందో చూస్తాను. చివరికి రెండు గింజలు పంటి కింద వేసి కొరుకుతాను. టక్కుమని విరిగితే ఎండిన వడ్లు, దింపుకోవచ్చు. చప్పుడు లేకుండా నలిగితే పచ్చివి, బండి వెనక్కి తిప్పాల్సిందే. చుట్టుపక్కల కొన్ని మిల్లులవాళ్లు కోత మిషన్ నుంచి నేరుగా వచ్చిన పచ్చి వడ్లు కూడా తీసుకుంటారు. మా ఓనరు తీసుకోడు. ఎండాయా లేదా అన్న తీర్పు మాత్రం నా పంటిది.

ఈ పని నాకు నేర్పిన పెద్దాయనది కోదాడ. మొదటి ఆరు నెలలు నన్ను నోరు తెరవనివ్వలేదు. ఆయన కొరికేవాడు, నేనూ కొరికేవాణ్ణి, ఏమనిపించిందో ఆయన చెవిలో చెప్పాలి. తప్పు చెబితే నెత్తిమీద ఒక్క మొట్టికాయ. సాయంత్రానికి దవడలు పీకేవి, అన్నం నమలలేక మజ్జిగ తాగి పడుకునేవాణ్ణి. "రైతు నవ్వుతూ వస్తే పైన చూడు, ఏడుస్తూ వస్తే అడుగున చూడు, ఏమీ మాట్లాడకుండా నిలబడితే బండి మొత్తం చూడు" అనేవాడు. నేను ఆ మాటను వేదంలా పట్టుకున్నాను. ఎంతగా పట్టుకున్నానంటే, పదకొండేళ్ల కింద ఆయన ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా పని మానేసి కోదాడ వెళ్లిపోతే, నేను ఆయన్నే అనుమానించాను. ఎవరో రైతు దగ్గర చెయ్యి చాపి దొరికిపోయి ఉంటాడు, ఓనరు పరువు తీయకుండా పంపించి ఉంటాడు అనుకున్నాను. ఆధారం ఏమీ లేదు. అయినా ఒక్కసారి కూడా ఆయన్ని చూడటానికి పోలేదు.

నిరుడు వానాకాలం కోతలు మొదలయ్యే ముందు నాకు కుడివైపు దవడ పన్ను నొప్పి పట్టుకుంది. సూర్యాపేటలో పళ్ల దవాఖానకు పోయాను. మా బిడ్డ వయసు డాక్టరమ్మ. వేరు దాకా శుభ్రం చేయాలి, పైన క్యాప్ వేయాలి అంది. ఈ కాలంలో డాక్టర్లు మంచి పన్నుకు కూడా టోపీ పెడతారని నాకు తెలుసు. ఎక్స్‌రే నాదేనా, వేరే ఎవరిదైనా చూపిస్తున్నారా అని కూడా అడిగాను. ఆ పిల్ల నవ్వింది. "మీదే అంకుల్. ఇగ ఈ పక్క గట్టివి కొరకొద్దు, క్యాప్ పగిలితది" అంది. నాలుగుసార్లు బస్సెక్కి పోయివచ్చాక క్యాప్ పడింది. నొప్పి పోయింది, నేనూ మర్చిపోయాను.

ఆ మర్నాటి నుంచి మా గేటుకు వచ్చే వడ్లన్నీ పచ్చివే.

ఇప్పుడు ఇది రాస్తుంటే మీకు విషయం తెలిసిపోయే ఉంటుంది. చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. నాకే తెలియలేదు. అలవాటుగా కుడివైపు కొరికే గింజను ఎడమవైపుకు మార్చాను. ఆ వైపు కూడా భయంభయంగా, సగం పన్ను ఆనించి నొక్కుతున్నాను. ఇదంతా ఆలోచించి చేసింది కాదు, ఒళ్లు తన పాటికి తాను చేసుకుపోయింది. గింజ విరగడం లేదు, నలిగినట్టు జారిపోతోంది. పదిరోజుల్లో తొమ్మిది బండ్లు వెనక్కి పంపాను. ఒక్కసారైనా, అందరి వడ్లూ ఒకేసారి ఎట్లా పచ్చిగా అయ్యాయబ్బా అని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. రైతులందరూ ఒక్కటయ్యారు, బరువు కోసం నీళ్లు కొట్టడం ఎవడో నేర్పించాడు, ట్రాక్టర్ డ్రైవర్లకు కూడా ఇందులో వాటా ఉంది అనుకున్నాను. ఎవడు ఫోన్ మాట్లాడుతూ నన్ను చూసినా నా గురించే అనుకున్నాను.

తేమ చూసే మిషన్ ఒకటి ఓనరు రెండేళ్ల కిందే కొన్నాడు. దాన్ని నేనే బీరువాలో పెట్టి తాళం వేశాను. ఒకే వడ్లకు రెండుసార్లు రెండు నంబర్లు చూపించిందని దాన్ని కూడా అనుమానించాను.

పదో రోజు పొద్దున్నే వేములపల్లి నుంచి ఒక బండి వచ్చింది. కిరాయి ట్రాక్టరు. డ్రైవర్ పక్కన మడ్‌గార్డ్ మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నలభై ఐదేళ్లు ఉంటాయి. కౌలుకు చేసుకుంటుందట, భర్త లారీ మీద పోతాడట, ఆ సంగతి డ్రైవర్ చెప్పాడు. ఆమె నవ్వలేదు, ఏడవలేదు, మాట్లాడలేదు. చీర కొంగు నడుముకు చుట్టుకుని ఊరికే నిలబడింది. పెద్దాయన మాట గుర్తొచ్చింది. బండి మొత్తం చూశాను. తాలు లేదు, మట్టి లేదు. అంత శుభ్రంగా ఉండటమే నాకు అనుమానంగా తోచింది. గింజ పంటి కింద వేశాను. జారిపోయింది.

"పచ్చిగున్నయి. తిప్పుకో" అన్నాను.

"పచ్చిగా? నాలుగు రోజులు సీసీ రోడ్డు మీద ఆరబోసిన సారూ. కాళ్లతోని తిరగేసి తిరగేసి అరికాళ్లు బొబ్బలెక్కినయ్. మళ్లొక్కసారి సూడు."

"నాలుగు రోజులు ఆరబెట్టి ఐదో రోజు నీళ్లు కొట్టినవ్ గదా. ఇరవై ఆరేండ్ల నుంచి సూస్తున్న నీ అసొంటోళ్లను."

ఆ మాట నేను మెల్లగా అనలేదు. వెనక వరసలో ఉన్న బండ్ల వాళ్లు, హమాలీలు, చాయ్ తెచ్చిన మనిషి, అందరూ విన్నారు. ఆమె ముఖం మొదట తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. బండి మీదికి చెయ్యి చాపి ఒక పిడికెడు వడ్లు తీసుకుని, అందరికీ కనబడేట్టు ఒక గింజ నోట్లో వేసుకుని కొరికింది.

టక్.

నేను విన్నాను. గేటు దగ్గర నిలబడ్డ ప్రతివాడూ విన్నాడు. ఆమె ఇంకోటి కొరికింది. మళ్లీ టక్. "ఇది పచ్చి వడ్ల సప్పుడా? చెప్పు సారూ, నీకు పున్నెముంటది. ఇవి దిగితేనే నాకు యాసంగి నాటు. లేకుంటే కౌలు పటేలు భూమి ఇంకొకలకు ఇస్త అంటున్నడు" అంది.

అప్పుడైనా నా బుర్ర పనిచేయాలా వద్దా? నా చెవులతో నేనే విన్నాను కదా! ఊహూఁ. ఎండిన గింజలు నాలుగు ఇంటి నుంచే గుప్పిట్లో పట్టుకొచ్చి ఉంటుంది, మా ముందు ఆట ఆడుతోంది అనుకున్నాను. అంత సిద్ధపడి వచ్చిందంటే పక్కా దొంగే అని తేల్చుకున్నాను. గేట్ల దగ్గర పనిచేసే మా వాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఆ ట్రాక్టర్ నంబరు పెట్టి, 'నీళ్లు కొట్టిన బండి, జాగ్రత్త' అని రాశాను. శాంపిల్ కోసం తీసిన వడ్లు ఒక ప్లాస్టిక్ కవర్లో కట్టి, వేములపల్లి అని చీటీ అంటించి, రేపు ఎవరన్నా అడిగితే సాక్ష్యంగా ఉంటుందని బల్ల సొరుగులో వేశాను.

ఆమె ఇంకో రెండు మిల్లులకు పోయిందని తర్వాత తెలిసింది. నా మెసేజ్ ఆమె కంటే ముందు అక్కడికి పోయింది, నీళ్లు కొట్టిన బండి అని వాళ్లూ దింపుకోలేదు. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. ట్రాక్టర్ డ్రైవర్‌కు ఇంకో కిరాయి ఉందట, వేములపల్లి రోడ్డు పక్కన వడ్లు కుప్పగా దించేసి పోయాడు. ఆమె దగ్గర ఉన్న టార్పాలిన్ సగం కుప్పకే సరిపోయింది. వాన మూడు రోజులు పడింది.

మూడో రోజు సాయంత్రం వాన తగ్గింది. మా ఆవిడ మురుకులు చేసి పళ్లెంలో పెట్టింది. ఒకటి తిని, "మెత్తగున్నయి. పిండి మంచిది కాదు. ఆ కొట్టోడు పాత బియ్యప్పిండి అంటగట్టిండు" అన్నాను.

ఆమె నా వైపు ఒకలా చూసింది. "పది రోజుల నుంచి ఇదే పాట. పల్లీలు మెత్తగున్నయి, అప్పడం మెత్తగున్నది, నిన్న బెల్లంముక్క కూడ మెత్తగున్నది అన్నవ్. అందరు కలిసి నీకే మెత్తటియి పెడుతున్నరా?" అంటూ ఒక మురుకు తీసుకుని కొరికింది. కరకరమని పక్కింటికి వినబడేంత చప్పుడైంది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీకు కొరకొస్తలేదు గాని మురుకులది తప్పంటవేందయ్యా!"

మురుకు నా చేతిలోనే ఉండిపోయింది. కుడి దవడ మీదికి నాలుక పోయింది. నున్నటి క్యాప్ తగిలింది. ఏమైందని మా ఆవిడ అడుగుతూనే ఉంది. చెప్పడానికి సిగ్గేసి, కడుపులో బాగలేదని అబద్ధం ఆడాను.

పొద్దున అందరికంటే ముందు మిల్లుకు పోయి బీరువా తెరిచి మిషన్ బయటికి తీశాను. గాలి పోకుండా కట్టిన కవరు విప్పి, వేములపల్లి వడ్లు అందులో పోశాను. ఎండిన వడ్ల నంబరే వచ్చింది. మళ్లీ పోశాను. అదే. ఐదుసార్లు పోశాను. మిషన్ చెడిపోయి ఉంటుందని నీళ్లలో తడిపిన వడ్లు కూడా పోసి చూశాను, నంబరు పైకి ఎక్కింది. ఇక అనుమానించడానికి నేను తప్ప ఏదీ మిగల్లేదు.

మనిషి బుద్ధి ఎట్లాంటిదో చూడండి. వెంటనే వేములపల్లి పోవాలి కదా? పోలేదు. సెలవు పెట్టి కోదాడ బస్సెక్కాను. నాది తప్పు కాదని ఎవరన్నా ఒక్కరు అంటే బాగుండుననిపించింది. పదకొండేళ్ల తర్వాత పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు, నోట్లో ఒక్క పన్ను లేదు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. గుర్తుపట్టాక, ఎందుకు రాలేదని అడగలేదు. "కూర్చోవోయ్, కాఫీ తాగు" అన్నాడు.

చెప్పాను. పన్ను, బండ్లు, ఆ మనిషి, వాన, అన్నీ చెప్పాను. చివర్లో నేనే కోపంగా అన్నాను. "అన్నీ నేర్పావు బాబాయ్. పన్ను మారితే గింజ మారుతుందని ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"నాకూ అప్పటికి తెలీదురా" అన్నాడాయన. "తెలిసిన రోజు మానేశాను. చిలుకూరు నుంచి ఒకాయన బండి తెచ్చాడు. పచ్చివని తిప్పి పంపాను. సాయంత్రం అన్నంలో రాయి పంటి కింద పడితే నాకు తెలియలేదు. మా అమ్మాయి చప్పుడు విని 'నాన్నా, రాయి నమిలేస్తున్నావ్' అంది. అప్పుడు అర్థమైంది. చిగుళ్లు వదులైపోయి పళ్లు కదులుతున్నాయి. మర్నాడు పోయి ఓనరుతో ఇక నా వల్ల కాదని చెప్పి వచ్చేశాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మేవాడివా? అందరినీ అనుమానించమని నేనే నేర్పాను కదా. నేను పోయాక నన్నేమనుకున్నావో నాకు తెలీదనుకున్నావా?"

నాకు ఏడుపొచ్చింది. యాభై నాలుగేళ్ల మనిషిని, ఆ ముసలాయన ముందు కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు. "చిలుకూరు ఆయన దగ్గరికి నేను పోలేదు. సిగ్గేసింది. తర్వాత ఆయన పోయాడని తెలిసింది. నువ్వు మాత్రం ఇక్కడ కూర్చోకు, లే" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా వేములపల్లి పోయాను. రోడ్డు పక్కన కుప్ప దూరం నుంచే కనబడింది, పక్కన ఆమె గంపతో తీసి పల్చగా పరుస్తోంది. అడుగున ఉన్న వడ్లు తెల్లగా మొలకెత్తాయి. ముక్క వాసన వస్తోంది. నన్ను చూసి గంప కింద పెట్టింది.

"మీ వడ్లు ఎండినవే అమ్మా. తప్పు నాదే. నా పన్ను బాగలేక నాకు తెలువలేదు" అన్నాను.

ఆమె నమ్మలేదు. నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఇప్పుడెందుకొచ్చినవ్? మొలకెత్తినయి గదా అని సస్తాకు కొనుక్కపోనీకి వచ్చినవా? లేకుంటే నీ మీద ఎవలన్న కంప్లైంట్ ఇచ్చిండ్రా, నాతోని సంతకం పెట్టించుకపోతవా?"

"అదేం లేదమ్మా. ఊరికే చెప్పిపోదామని వచ్చిన."

"ఊరికే ఎవలొస్తరు సారూ!" అంది. నేను జీవితమంతా రైతులను చూసిన చూపుతోనే ఆమె నన్ను చూస్తోంది. నా జేబుల వైపు చూసింది, చేతుల వైపు చూసింది. ఏ మాట చెప్పినా దాని అడుగున ఇంకేదో ఉందని వెతుకుతోంది. అబద్ధం ఆడనివాణ్ణి అనుమానిస్తే ఎంత మంటగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

గంప మళ్లీ చేతిలోకి తీసుకుని ఆమె అంది. "గీడ రోడ్డు మీద నువ్వు చెప్తే ఎవలు వింటరు, నేను, ఈ కాకులు. నీళ్లు కొట్టినవని గాడ అన్నవ్. గాడనే చెప్పు, రేపు పొద్దున నేనొస్త. చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే నా వడ్లు రావు, తెలుసు. కని నేను దొంగను కాదని వాళ్లకు తెల్వాలె."

మిల్లు గేటు దగ్గర ఆ మాట చెబితే నా పని పోవచ్చు. వెనక్కి పంపిన మిగతా ఎనిమిది బండ్ల వాళ్లు వచ్చి మీద పడవచ్చు. ఇంటికి వెళ్లి మా ఆవిడకు అంతా చెప్పాను. "పోతే పోయింది, చెప్పు" అంది.

మర్నాడు పొద్దున వేములపల్లి ఆమె ఆటోలో వచ్చింది. వరసలో బండ్లు నిలబడి ఉన్నాయి. గేటు పక్కనున్న అరుగు ఎక్కి చెప్పాను. ఈమె నీళ్లు కొట్టలేదు, వడ్లు ఎండినవే, నా పన్ను పాడైంది, ఈ పన్నెండు రోజుల్లో నేను తిప్పి పంపిన బండ్లన్నింటి మీదా నా తీర్పు తప్పు అన్నాను. గ్రూపులో కూడా అదే రాశాను. ఎవడో నవ్వాడు. ఇంకెవడో "అయితే మా బండి సంగతేంది?" అని అరిచాడు. ఓనరు బయటికి వచ్చి నన్ను లోపలికి లాక్కుపోయాడు. ఆమె మాత్రం వరసలో ఉన్నవాళ్ల వైపు తిరిగి, "విన్నరు గదా?" అని ఒక్కసారి అడిగి ఆటో ఎక్కింది.

పని పోలేదు. గేటు దగ్గర ఇప్పుడు మిషన్ ఉంటుంది. నేను వడ్లు పోసి, నంబరు మొదట రైతుకు చూపించి, తర్వాత నేను చూస్తాను. రెండుసార్లు పోస్తాను. ఆమె వడ్లు తీసుకొమ్మని ఓనరును బతిమాలాను, మొలకెత్తినవి ఏం చేసుకోనన్నాడు. చివరికి అవి కోళ్ల దాణాకు పోయాయి.

ఎండాకాలంలో, యాసంగి కోతల్లో వేములపల్లి నుంచి ఒక బండి వచ్చింది. మడ్‌గార్డ్ మీద ఎవరో మగమనిషి. వడ్ల మీద టార్పాలిన్ సర్దుతూ ఇద్దరు కూలి ఆడవాళ్లు. వాళ్లలో ఒకామె ఆ కౌలు చేసుకునే మనిషే. నేను అడగకముందే ఆ రైతు చెప్పాడు, ఈ భూమి ముందు ఆమె కౌలుకు చేసేదట, వానాకాలం పంట చేతికి రాలేదని పటేలు తనకు ఇచ్చాడట. మిషన్లో వడ్లు పోసి నంబరు చూపించాను. బాగానే ఉంది. అతను నన్ను అనుమానంగా చూసి, వెనక్కి తిరిగి ఆమెను అడిగాడు.

"ఈ సారు నిజమే చెప్తడా?"

ఆమె టార్పాలిన్ మడత పెడుతూ, నా వైపు చూడకుండానే అంది.

"చెప్తడు. నిజమే చెప్తడు. జర లేటుగ చెప్తడు, గంతే."